పిచ్చుక గొంతు

కోత మిల్లు వెనక సందులో పొడుగాటి వరండా ఉన్న ఇల్లొకటి ఉంది. గాలి ఇటు తిరిగిందంటే చాలు, రంపపు పొట్టు వచ్చి కిటికీ ఊచల మీదా, మంచాల మీదా, ఆరేసిన దుప్పట్ల మీదా పేరుకుంటుంది. నడవలేని పిల్లలు, చూపు లేని పిల్లలు, నోట మాట కూడదీసుకోలేని కుర్రకారు అక్కడ ఉంటారు. సముద్రాల అవతల నుంచి వచ్చిన పాస్టరయ్య, పాస్టరమ్మ పెట్టిన ఇల్లది. వాళ్ళు వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇల్లు మాత్రం ఉంది. ఆ ఇంటి చివరి గదిలో కుట్టక్క ఉంది.

అమ్మమ్మ పెట్టిన పేరొకటి ఆమెకుంది గానీ, పిలిచేవాళ్ళు లేక అది ఏ మూలో పడి ఉంది. పసిపిల్లల దగ్గర్నుంచి గేటు దగ్గర కూరలమ్మే ఆమె దాకా అందరికీ కుట్టక్కే. ఊహ తెలియకముందే జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. కాలితో తొక్కే మిషను ఎటూ కుదరదు గనక, చేత్తో తిప్పే మిషను మీదే పని నేర్చుకుంది. కొట్లో అమ్మే బట్టలు నిటారుగా నిలబడేవాళ్ళ కోసం కుట్టినవి. చక్రాల కుర్చీలో కూర్చునేవాడు వాటిని తొడుక్కుంటే వెనక నడుము బయటపడుతుంది, ముందు గుడ్డ కుప్పపడుతుంది, కూర్చునే చోట కుట్టు ఒరుసుకుని పుండవుతుంది. కుట్టక్క వెనక ఎత్తు పెంచి, కుట్టు పక్కకి జరిపి కుడుతుంది. ఏ కుర్రాడైనా "నా ఒళ్ళే వంకరక్కా, దీనికేం బట్టలు కుడతావులే" అన్నాడంటే, "వంకర నీ ఒంట్లో లేదురా, గుడ్డలో ఉంది. దాని సంగతి నాకొదిలెయ్" అనేస్తుంది.

మాట పెళుసే గానీ మనసు వెన్న. నవ్వడం మాత్రం తక్కువ. మధ్యాహ్నం భోజనాలయి ఇల్లంతా కాస్త నడుం వాల్చినప్పుడు ఆమె మిషను ఆపేస్తుంది. తల పక్కకి వంచి, వరండా వైపు చెవి పెడుతుంది. ఏమిటని ఎవరూ అడగరు. అడిగినా ఆమె చెప్పదు.

ఆమెని ఆ ఇంటికి వీపు మీద మోసుకొచ్చింది అమ్మమ్మ. అప్పటికి ఆమెకి ఆరో ఏడో ఏళ్ళు. పాస్టరయ్య దంపతులు వచ్చి పదేళ్ళు కావస్తున్నా, పాస్టరయ్యకి మన భాషలో దీర్ఘాలు మాత్రం ఒక పట్టాన లొంగలేదు. వచ్చిన కొత్తలో ఆయన వీధిలో నిలబడి "దేవుడు మీ పాపాల్ని తుడిచిపెడతాడు" అనబోయి, "దేవుడు మీ పాపల్ని తుడిచిపెడతాడు" అన్నాడట. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగో పరుగు. ఆ కథ ఆ ఇంటి వంటామె చెప్పి చెప్పి నవ్వేది. "ఆ దెబ్బతో అయ్యగారు ప్రసంగాలు తగ్గించి చెక్కపనిలో పడ్డారమ్మా. చంకకర్రలకి దీర్ఘాల గోల లేదు కదా!"

పాస్టరమ్మ సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండేది. పిల్లల పుళ్ళు కడగడం, కాళ్ళకి పట్టీలు కట్టడం, అన్నీ తన చేత్తోనే. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. పుట్టింది ఇక్కడే, పెరిగింది వంటింట్లో. తల్లిదండ్రుల భాష దానికి ముక్కలుముక్కలుగా వచ్చేది. మన భాష మాత్రం గలగలా, తిట్లతో సహా వచ్చేది. ఒక్కచోట నిలవదు, నడవమంటే గెంతుతుంది, నోటికి మూత లేదు. వంటామె దాన్ని పిచ్చుక అంది. ఆ పేరే ఖాయమైంది. తల్లి కూడా అలాగే పిలిచేది. కూతురితో మన భాషలోనే మాట్లాడేది.

పిచ్చుకకీ, కొత్తగా వచ్చిన పిల్లకీ ఒకటే ఈడు. వచ్చిన వారంలోనే పిచ్చుక తండ్రి వెంటపడి ఒక సబ్బుల పెట్టెకి నాలుగు చక్రాలు కొట్టించి, తాడు కట్టింది. కొత్త పిల్లని అందులో కూర్చోబెట్టి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి లాక్కుంటూ అరిచేది. "తప్పుకోండి, తప్పుకోండి! సామానొచ్చింది!"

"నేను సామానేంటే?" అనేది పెట్టెలో పిల్ల.

"మరి? నువ్వెళ్ళాల్సిన చోటికి నేను లాగాలి కదా. సామానే!"

అలా సామాను అయింది. ఆ పేరుతో మరెవరైనా పిలిస్తే పిచ్చుక మీదపడి కొట్టేది. తను పిలవొచ్చు, ఇంకొకరు పిలవకూడదు. ఆటలయ్యాక పెట్టెని గుమ్మం దాకా లాక్కొచ్చి తలుపు మీద దబదబా బాది, "అమ్మా, నేనొచ్చా!" అని కేకేసేది. సామాను కూడా వచ్చిందని చెప్పడం మరిచిపోయేది గానీ, లోపలికి దించడం మాత్రం మరిచిపోయేది కాదు.

నాలుగైదేళ్ళు అలా గడిచాయి. ఒక వానాకాలం పిచ్చుక తలనొప్పి అంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. మెడ బిగుసుకుపోయింది. రోడ్లన్నీ నీళ్ళు. పాస్టరయ్య ఎత్తుకుని పెద్దాసుపత్రికి నడిచే వెళ్ళాడు. మూడో రోజు అలాగే ఎత్తుకుని తిరిగొచ్చాడు. కాకపోతే ఈసారి దాని తల ఆయన భుజం మీద నిలవడం లేదు.

శవపేటిక కోత మిల్లులోనే చేశారు. ఆ పొద్దున మిల్లులో పనంతా ఆపి ఒకే ఒక్క రంపం తిప్పారు. వరండాలో పెట్టెలో కూర్చున్న సామానుకి ఆ ఒక్క రంపం చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆ చెక్క దేనికో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇంటి వెనక, గోడ పక్కన పాతిపెట్టారు.

పాస్టరమ్మ ఏడవలేదు. కూతురి గదిలో కూర్చుని తలుపేసుకుంది. తర్వాత ఒకరోజు బయటికొచ్చి, హాల్లో మంచం మీద ఉన్న సామానుని తనే ఎత్తుకుని తీసుకెళ్ళి పిచ్చుక మంచం మీద కూర్చోబెట్టింది.

"ఇకనుంచి నువ్విక్కడ పడుకో" అంది.

అంతే. ఎందుకో చెప్పలేదు. మర్నాటి నుంచి పిచ్చుక గౌన్లు తీసి, కుట్లు విప్పి, సామాను కొలతలకి తిరిగి కుట్టడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న పిల్ల చేతికి విప్పాల్సిన గుడ్డ ఇచ్చేది. పాత కుట్టు విప్పడం, కొత్త కుట్టు వేయడం, పని అలా అబ్బింది. చచ్చిపోయిన పిల్ల గౌను విప్పుతుంటే మడతల్లోంచి ఇంకా దాని చెమట వాసన వచ్చేది. ఆ వాసన పీలుస్తూ ఆమె దారాలు లాగింది.

ఒకనాటి మధ్యాహ్నం సామాను పిచ్చుక నీలం గౌను వేసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. వెనక గుమ్మంలో అడుగుల చప్పుడు ఆగింది.

"పిచ్చుకా!"

పాస్టరమ్మ గొంతు. అంత సంతోషం ఆ గొంతులో ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ సంతోషం తనకి కాదని తెలిసీ, పిలిచారు కదా అని పిల్ల తల తిప్పింది. గుమ్మంలో నిలబడ్డ మొహం చూస్తుండగానే ఆరిపోయింది. దీపం ఊదేసినట్టు. మరుక్షణం పాస్టరమ్మ సర్దుకుని, "జడ వేస్తాను, రా" అంది. జడ వేసింది. చాలా గట్టిగా వేసింది.

ఆ మొహం కుట్టక్కని వదల్లేదు. ఎవరు వెనకనుంచి పిలిచినా వెంటనే తల తిప్పదు. కాసేపు ఆగి, పిలిచినవాళ్ళకి తను ఎవరో గుర్తొచ్చేంత వ్యవధి ఇచ్చి, అప్పుడు తిరుగుతుంది. చాలామంది ఆమెకి చెవుడనుకుంటారు.

గెంతుల చప్పుడు మొదలైంది కూడా ఆ ఏడాదే. మిట్టమధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి రెండు కాళ్ళూ కలిపి గెంతుతున్నట్టు చప్పుడు. బల్లి అనుకుంది. పైకప్పు రేకు అనుకుంది. తర్వాత ఏమీ అనుకోవడం మానేసి వినడం నేర్చుకుంది. ఆ ఇంట్లో గెంతగలిగేవాళ్ళు ఎవరున్నారు గనక?

ఏళ్ళు గడిచాయి. పాస్టరయ్య జుట్టు తెల్లబడింది. గది నిండా మిషన్లొచ్చాయి. పదిహేనేళ్ళు దాటిన పిల్లలందరికీ ఏదో ఒక పని చేతికి రావాలని ఆయన పట్టు. కుట్టుపని నేర్పేది కుట్టక్కే. ఆమె దగ్గర నేర్చుకుని బయట కొట్లు పెట్టుకున్నవాళ్ళున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళున్నారు. చివరికి పాస్టరయ్యకి గుండె బాగోక, వాళ్ళ సంఘం వాళ్ళు "ఇక వచ్చెయ్యండి" అన్నారు. వెళ్ళే రోజున పాస్టరమ్మ ఇంటి వెనక చాలాసేపు నిలబడింది. తర్వాత కుట్టక్క దగ్గరికొచ్చి వంగి, ఆమె చేతులు పట్టుకుంది.

"దాన్ని చూసుకో" అంది.

"చూసుకుంటానమ్మగారూ."

కారు సందు మలుపు తిరిగేదాకా పాస్టరమ్మ వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత ఫోన్లు వచ్చేవి. ఎప్పుడూ పాస్టరయ్యే మాట్లాడేవాడు. పిల్లల గురించి, కప్పు కారడం గురించి, ఎవరెవరు నడుస్తున్నారన్న దాని గురించి. ఒకసారి అవేవీ అడగలేదు.

"అమ్మాయీ, ఒకటి అడుగుతాను. కుదరదంటే నాకేం కోపం రాదు."

"అడగండి అయ్యగారూ."

"ఆమెకి మతి నిలవడం లేదు. ఒక పూట నేనెవరో తెలుస్తుంది, ఒక పూట తెలీదు. సాయంత్రమయ్యేసరికి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటుంది. పిచ్చుక ఇంకా ఆడుకుని రాలేదేమిటంటుంది. మొదట్లో నిజం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆమెకది కొత్త. అప్పుడే విన్నట్టు కూలబడి ఏడుస్తుంది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. అమ్మాయీ, నేను రోజూ నా బిడ్డని పాతిపెడుతున్నాను."

ఆ మాటలో ఒక్క దీర్ఘం కూడా తప్పు పోలేదు.

ఆయనే మళ్ళీ అన్నాడు. "మా భాష ఆమెకి జారిపోతోంది. పిచ్చుకతో మాట్లాడిన భాష మిగిలింది. అది వచ్చినవాళ్ళు ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. నా గొంతు చూస్తే ఇలా ఉంది. నువ్వు పిచ్చుకలాగా మాట్లాడగలవా? ఇక్కడ సాయంత్రమయ్యేసరికి మీకు మధ్యాహ్నం. కాసేపు చాలు."

"అబద్ధమాడమంటున్నారా? మీరా అయ్యగారూ?"

"నేనే." ఆయన ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "నిజం గురించి ఊరందరికీ చెప్పాను. ఇంట్లో చెప్పాల్సొచ్చాక తెలిసింది అదెంత బరువో."

ఆలోచించి చెబుతానంది. ఆ రోజు రెండు చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పింది.

మిషన్ల గదిలో రేడియో అని ఒక పిల్ల ఉంది. పాతికేళ్ళుంటాయి. పుట్టుకతోనే ఒంట్లో నరాలు మాట వినవు. ఒక్కో మాట బయటికి రావడానికి మెడ అంతా బిగించాలి. అయినా మాట ఆపదు, అందుకే రేడియో. కుట్టక్క సంగతంతా దానికి చెప్పింది. మరెవరికైనా చెబితే జాలో, సలహానో ఎదురొస్తుందని భయం.

రేడియో చాలాసేపు మెడ బిగించింది. "నా తరఫున... అందరూ మాట్లాడతారక్కా. డాక్టరొస్తే... నాకు నొప్పెక్కడో... వార్డెను చెబుతుంది. నన్ను... అడగరు. ఆ పిల్లని అడిగావా మరి?"

"చచ్చిపోయిన పిల్లని ఎలా అడుగుతానే?"

"బతికున్నదాన్నే... అడగరు కదా. చచ్చినదాన్ని... అడిగితే ఏం పోయింది?"

కుట్టక్క మర్నాడు మధ్యాహ్నం కుర్చీ తోసుకుంటూ ఇంటి వెనక్కి వెళ్ళింది. మిల్లు వాళ్ళు భోజనానికి ఆపారు. గోడ పక్కన గడ్డి ఎండి ఉంది. సమాధి రాయి మీద పొట్టు పేరుకుంటే చేత్తో తుడిచింది.

"పిచ్చుకా, మీ అమ్మ నీకోసం ఎదురుచూస్తోంది. నీ గొంతు తీసుకోనా?"

ఆకు కదల్లేదు. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. కొంతసేపటికి కుర్చీ వెనక పిడి మీద ఎవరో బరువు వేసినట్టయింది. చక్రాలు కొంచెం కదిలాయి. అక్కడ నేల వాలుగా ఉంటుంది, అందుకని కదిలిందని సర్దిచెప్పుకుంది. కళ్ళు తెరిచి చూస్తే కుర్చీ కదిలింది మెరక వైపు.

ఆ రోజే ఫోను చేసింది. అవతల పాస్టరయ్య ఏదో గొణిగి ఫోను చేయి మార్చాడు. ఊపిరి చప్పుడు వినిపించింది. ఏమనాలో కుట్టక్క ముందే అనుకుని పెట్టుకుంది. అదేదీ రాలేదు. నోరు తెరవగానే దానంతట అదే వచ్చేసింది.

"అమ్మా, నేనొచ్చా!"

సన్నగా, పైకెగిరి చివర కొంచెం విరిగే గొంతు. యాభై దాటిన ఆమె మెడలోంచి. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మిషను దగ్గర రేడియో కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇంత పొద్దుపోయాకా రావడం?" అంది పాస్టరమ్మ. ముసలి గొంతే, కోపం మాత్రం పాతదే. "కాళ్ళు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"అబద్ధం! మట్టి కనిపిస్తూనే ఉంది."

కుట్టక్క గబుక్కున కిందకి చూసుకుంది. ఎన్నడూ మట్టి తొక్కని కాళ్ళు.

"సామానేదీ? ఎండలో వదిలేసి వచ్చావా?"

ఆ సన్నని గొంతు తడబడకుండా చెప్పింది. "లోపలే ఉందమ్మా. కుట్టుకుంటోంది."

"అలాగా. సరే, వచ్చి తిను." తర్వాత ఏదో గిన్నె చప్పుడు. పాస్టరయ్య ఫోను తీసుకుని, "తింటోంది అమ్మాయీ, తింటోంది" అన్నాడు.

అలా రోజూ సాగింది. పాస్టరమ్మ తిట్టేది, ముద్దు చేసేది, లెక్కలు చెప్పమనేది. పిచ్చుక లెక్కలు తప్పు చెప్పేది. కుట్టక్కకి లెక్కలు బాగా వచ్చు. ఆ సంగతి మాత్రం ఆమెకి నచ్చలేదు. తప్పు చెబుతున్నది తనా, ఆ పిల్లా?

ఒకరోజు పాస్టరమ్మ గొంతు తగ్గించింది.

"దగ్గరికి రా. అది వింటుంది."

"ఎవరమ్మా?"

"సామాను. నీ గౌన్లన్నీ దానికిచ్చేశాను. కోపమా?"

"లేదమ్మా."

"నాకే ఉండేది కోపం." మాట మీద మాట తోసుకొచ్చింది. కూతురు పోయిన సంగతీ, కూతురు ఎదురుగా ఉన్న సంగతీ ఆ మనసులో ఒకే గదిలో సర్దుకున్నాయి. "దాన్ని నీ గౌన్లో చూసినప్పుడల్లా కడుపు రగిలిపోయేది. గెంతేదాన్ని తీసుకుపోయి నడవలేనిదాన్ని ఉంచాడేమిటి దేవుడు అని. దీన్ని తీసుకుపోయి ఉండొచ్చు కదా అని. రోజూ పొద్దున దానికి జడ వేస్తూ అదే అనుకునేదాన్ని. పాపం, తల వంచుకుని కూర్చునేది. దానికేం తెలుసు?"

అవతల ముసలామె సమాధానం కోసం ఎదురుచూస్తోంది.

"దానికి తెలుసమ్మా" అంది పిచ్చుక గొంతు.

"తెలుసా! ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. జడ బిగించేదానివిగా. అందులో తెలిసింది."

"తెలిసీ ఉందా? వెళ్ళిపోలేదా?"

"ఎక్కడికి పోతుందమ్మా? సామాను కదా, ఎవరో ఒకరు లాగాలి."

పాస్టరమ్మ నవ్వింది. పగలబడి నవ్వింది. కుట్టక్క ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె అలా నవ్వడం వినలేదు. నవ్వి నవ్వి, దగ్గి, మెల్లగా అంది. "మంచి పిల్లే అది. జడ వదులుగా వేస్తానని చెప్పు."

"చెబుతానమ్మా."

ఫోను పెట్టేశాక కుట్టక్క మిషను జోలికి వెళ్ళలేదు. ఆ మాటలు ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడే తెలిసిన నిజం. కానీ దాన్ని ఇన్నాళ్ళకి చెవులారా వింటున్నప్పుడు తను తనుగా లేదు. ఆ ముసలామె జాలిపడింది, పొగిడింది, జడ వదులుగా వేస్తానంది. అదంతా అందుకున్నది ఇంకొకతె. ఆ చివరి హాస్యం కూడా తనది కాదు. తన కాళ్ళ మీద తను ఎన్నడూ హాస్యమాడలేదు.

"అక్కా" అంది రేడియో. "ఇప్పుడు... నువ్వేనా?"

"నేనేనే."

"నిజంగా?"

కుట్టక్క కుర్చీని వరండా వైపు తిప్పుకుంది.

ఆ తర్వాత భయం పట్టుకుంది. ఒక పొద్దున, కత్తెర కింద పడేసిన పిల్లని కసురుకోబోతే ఆ సన్నని గొంతే వచ్చింది. గదిలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. కొందరు నవ్వారు, ఇద్దరు జడుసుకున్నారు. అప్పట్నుంచి నిద్ర లేవగానే నోరు తెరవడానికి వెనకాడేది. ముందు దగ్గి, తన దగ్గు విని, ధైర్యం తెచ్చుకుని అప్పుడు మాట్లాడేది. ఇంకో సంగతి కూడా గమనించింది. వరండాలో గెంతుల చప్పుడు ఫోన్లు మొదలైన రోజు నుంచీ లేదు. ఎందుకు లేదో ఆలోచించడానికి మనసొప్పలేదు. బయట తిరిగేది లోపలికొస్తే బయట చప్పుడెందుకుంటుంది?

ఫోన్లు మానేస్తానని పాస్టరయ్యతో చెబుదామనుకుంది. ప్రతి మధ్యాహ్నం చెబుదామనే ఫోను తీసేది. అవతల "పిచ్చుకా?" అని వినపడగానే మరిచిపోయేది.

చలికాలం చివర్లో పాస్టరయ్య పొద్దున్నే ఫోను చేశాడు. వేళ కాని వేళ మోగేసరికే ఆమెకి తెలిసిపోయింది.

"నిద్రలోనే పోయింది అమ్మాయీ. రాత్రి బాగానే తింది. నీతో... దానితో మాట్లాడి తింది కదా."

"అమ్మగారు బాధపడలేదు కదా?"

"లేదు."

ఆయన పెట్టేస్తాడనుకుంది. పెట్టెయ్యలేదు.

"ఒక్కసారి" అన్నాడు. "ఒక్కసారి నన్ను పిలవవా? ఆ గొంతుతో."

"అయ్యగారూ, మీకు తెలుసు కదా ఇది నేనని. మీకు మతి బాగానే ఉంది."

"బాగానే ఉంది. అదే నా బాధ. రోజూ ఆమె పక్కనే ఉండి విన్నాను. ఆమె మాట్లాడుతుంటే నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. నన్ను మాత్రం అది ఒక్కసారి కూడా పిలవలేదు."

కుట్టక్క ఆ ఫోన్లన్నీ గుర్తుచేసుకుంది. నిజమే. పిచ్చుక ఒక్కనాడు కూడా నాన్నని అడగలేదు. అది మరిచిపోయిందా, తను మరిచిపోయిందా? కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. ఆ గొంతు కోసం వెతికింది. లేదు. ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ పిలవకుండానే వచ్చింది, ఇప్పుడు బతిమాలినా రాలేదు. వచ్చింది ఆమె సొంత గొంతు, కాస్త బొంగురుగా.

"నాన్నగారూ."

అవతల ఆయన ఏడ్చాడు. కూతుర్ని ఎత్తుకుని వానలో తిరిగొచ్చిన రోజున ఏడవని మనిషి. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, ఆ ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఓదార్చలేదు. అయ్యాక ఆయన ముక్కు తుడుచుకుని, "ఇంకొకసారి అను" అన్నాడు. అంది.

ఆ సాయంత్రం హాల్లో మంచాలు పక్కకి జరిపి ప్రార్థన పెట్టారు. పాస్టరమ్మని చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఇప్పుడు కొద్దిమందే. వార్డెను కుట్టక్క వైపు తిరిగి, "నువ్వు రెండు మాటలు చెప్పక్కా" అంది. అందరూ ఆమెకేసి చూశారు. మిషన్ల గది పిల్లలు మరీ భయంగా చూశారు, ఏ గొంతు వస్తుందోనని.

ఆమె దగ్గలేదు. నేరుగా మాట్లాడింది.

"పాస్టరమ్మగారి కూతురు పోయింది. నేను మిగిలాను. నన్ను పెంచడం ఆవిడకి చాలా కష్టమైంది. అయినా పెంచింది. పుండు కడిగింది, బట్ట కుట్టింది, పని నేర్పింది. ఒక్కరోజు కూడా మానలేదు."

ఇంకేదో చెబుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె తల వంచుకుంది. వార్డెను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అందరూ ఆమెన్ అని మంచాలు సర్దుకుంటుంటే, వెనక వరసలోంచి రేడియో ఆమెన్ ఇంకా వస్తూనే ఉంది. అది పూర్తయ్యేదాకా కుట్టక్క కుర్చీ కదపలేదు.